ఐడ్లింగ్ స్క్రూ తిప్పే ముందు

విశాఖకు సెలవు మీద వెళ్లినప్పుడల్లా చుట్టాలు రెండే విషయాలు అడుగుతారు: జీతం ఎంత, ఎండ ఎంత. షార్జా సనయ్యలో, ఆ గ్యారేజీల వాడలో, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం పని చేస్తానో అడిగేవారు తక్కువ. నాకు చెప్పాలని ఉండేది ఆ పని గురించే. అందులోనూ ఒక్క జబ్బు గురించి. పాత బండి ఆగి ఉన్నప్పుడు, అంటే ఐడ్లింగ్‌లో, ఇంజిన్ నిలకడగా తిరగదు. సిగ్నల్ దగ్గర ఊగుతుంది, స్టీరింగ్ వణుకుతుంది, ఏసీ వేస్తే ఆగిపోతుంది. దీనికి మన దగ్గర చాలా షెడ్లలో చేసే వైద్యం ఒకటే: స్క్రూడ్రైవర్ తీసి, ఆ వేగాన్ని సర్దే ఐడ్లింగ్ స్క్రూ కాస్త బిగించడం. ఇంజిన్ వేగం పెరుగుతుంది, ఊగడం తగ్గినట్టు కనిపిస్తుంది, యజమాని డబ్బిచ్చి వెళ్లిపోతాడు. జబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది, పెట్రోలు మాత్రం అదనంగా కాలుతుంది. ఇది చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ స్క్రూ తిప్పే చేతికి నైపుణ్యం లేక కాదు, వెతకడానికి ఎవరూ సమయం ఇవ్వక.

గల్ఫ్‌లో వెతకక తప్పదు. వేసవిలో అక్కడ బండి ఆగినా ఇంజిన్ ఆగదు. ఏసీ కోసం గంటల తరబడి ఐడ్లింగ్‌లోనే తిరుగుతూ ఉంటుంది. ఇంజిన్ వేగం పడిపోతే కంప్రెసర్ వేగమూ పడిపోతుంది, చల్లదనం రాదు. అందుకే యజమాని వచ్చి ఏసీ బాగా లేదంటాడు. మా ఫోర్‌మన్‌ది కేరళలోని మలప్పురం. బండి రాగానే మమ్మల్ని పానా పట్టనివ్వడు. ముందు యజమానిని అడగాలి. చల్లగా ఉన్నప్పుడు ఊగుతుందా, వేడెక్కాకనా? ఏసీ వేస్తేనేనా? బ్రేకు తొక్కితే ఏమైనా మారుతుందా? ఆ చివరి ప్రశ్నలో చాలా ఉంది. పెడల్‌కు బలం జోడించే బ్రేకు బూస్టర్ పని చేసేది ఇంజిన్ గాలిని లాగినప్పుడు ఏర్పడే వ్యాక్యూమ్‌తోనే. లోపలి పొర చిరిగితే పెడల్ తొక్కినప్పుడు బయటి గాలి, సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డ్‌లోకి దూరి ఇంజిన్ తడబడుతుంది. బ్రేకు గట్టిపడుతుంది కూడా. అది ఐడ్లింగ్ సమస్య కన్నా ముందు ప్రాణాల సమస్య.

ఆ తరువాత వ్యాక్యూమ్ గేజి. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్లు, లీకులు పట్టే పొగ యంత్రాలు ఎన్ని ఉన్నా పాత బండికి నేను మొదట పెట్టేది ఇదే. ఐడ్లింగ్‌లో గాలిని నియంత్రించే మూత, థ్రాటిల్, దాదాపు మూసుకుని ఉంటుంది, పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. అందుకే మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఏర్పడుతుంది. సముద్రమట్టం దగ్గర, ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్ మీద ముల్లు 17 నుంచి 22 అంగుళాల (పాదరసం) మధ్య ఒకచోట కదలకుండా నిలబడాలి. నిలబడినా తక్కువ చూపిస్తే గాలి లీకు ఉండవచ్చు, టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు పడే సమయం, వెనకబడి ఉండవచ్చు. ఒకే తాళంలో పడి లేస్తుంటే ఏదో ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు. ఉన్నట్టుండి, లెక్క లేకుండా ఉలిక్కిపడుతుంటే ఏదో ఒక ప్లగ్గులో నిప్పు తప్పుతోందని ముందుగా అనుమానించాలి.

సనయ్యలో మాకు ఎక్కువగా దొరికే దొంగ ఎవరంటే, గాలి లీకే. ఆ ఎండకు, బానెట్ కింది వేడికి రబ్బరు ఎండిపోతుంది. ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ పైపును పైనుంచి చూస్తే నిగనిగలాడుతూ కొత్తదిలాగే ఉంటుంది. కింద చిన్న అద్దం పెట్టి, టార్చి వేసి చూస్తే, వంపు తిరిగే చోట గోటి పొడవున చీలిక కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు దాని పెదవులు కలిసే ఉంటాయి, ఇంజిన్ వేడెక్కాక విచ్చుకుంటాయి. పొద్దున బాగున్న బండి మధ్యాహ్నం ఊగడానికి కారణం అదే. పొగ యంత్రంతో మానిఫోల్డ్‌లోకి పొగ పంపితే ఆ చీలికలోంచి సన్నటి దారంలా పైకి వస్తుంది. స్కానర్ పెట్టుకోగల బండి అయితే ఇంకో ఆధారం ఉంది. ఐడ్లింగ్‌లో కంప్యూటర్ పెట్రోలును సాధారణం కన్నా బాగా పెంచి ఇస్తూ, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలు స్థాయికి వస్తుంటే అది గాలి లీకే. లీకు అంతే ఉంటుంది. వేగంలో ఇంజిన్ తీసుకునే గాలి ముందు అది లెక్కలోకి రాదు.

ఇదంతా నేర్చుకుని విశాఖ వచ్చాక నాకు తెలిసింది ఏమిటంటే, ఊగడం ఒకటే అయినా ఇక్కడ ముందుగా అనుమానించవలసినవి వేరు. గాజువాక ఆటోనగర్‌లో మా బావకు షెడ్డు ఉంది. సెలవులో ఎక్కువ పొద్దు అక్కడే గడుపుతాను. లాసన్స్ బే కాలనీ నుంచి ఉక్కు కర్మాగారంలో పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరు తన మారుతి 800 తెచ్చారు. ఏపీ 31 నంబరు, పెట్రోలును గాలితో కలిపే కార్బరేటర్ ఉన్న బండి, కన్నబిడ్డలా చూసుకుంటారు.

"బాబూ, వానపడితే దీనికి జ్వరం వస్తుంది. పొద్దున్నే మరీ ఎక్కువ" అన్నారు.

బావ చెయ్యి అప్పటికే స్క్రూ మీద ఉంది. "బావా, కొంచెం ఆగు. వానకు ఊగుతోందంటే గాలి కన్నా ముందు కరెంటు చూద్దాం" అన్నాను.

గేజి పెడితే ముల్లు మంచి చోటే ఉంది, కానీ ఉండుండి ఉలిక్కిపడుతోంది. మూడు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి దానికి పుట్టుకతోనే కొంత వణుకు ఉంటుంది. ఇది ఆ వణుకు కాదు. రబ్బరు పిడి పటకారుతో ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే లాగి చూశాం. ఒకటోది లాగితే ఇంజిన్ వేగం పడిపోయింది, మూడోది లాగినా పడిపోయింది. రెండోది లాగితే పెద్దగా మార్పు లేదు. అంటే ఆ సిలిండర్ సరిగా పని చేయడం లేదు. చీకటి పడ్డాక షెడ్డులో లైట్లు ఆర్పి, తీగల మీద నీళ్లు తుంపర్లుగా చల్లాం. రెండో తీగ మీద నీలం మెరుపులు చిటపటలాడుతూ పాకాయి. పెద్దాయన వంగి చూస్తూ ఉండిపోయారు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే తీగ కూర్చునే చోట పచ్చటి చిలుము. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ బోల్టు దగ్గరా అదే. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ ఏళ్ల తరబడి చేసిన పని అది. తీగలు, మూత మార్చి, ఎర్త్ గీకి శుభ్రం చేసి, గ్రీజు రాసి బిగించాక ముల్లు 19 దగ్గర నిలబడింది. స్క్రూ ఉన్నచోటే ఉంది.

విశాఖలో పాత బండి ఉన్నవారు ఇంకో మార్పు గమనించాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. కంప్యూటర్ ఉన్న బండి దాన్ని కొంతవరకు సర్దుకుంటుంది. కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు, మిశ్రమం పలచబడి ఐడ్లింగ్ తడబడుతుంది. పాత రబ్బరు పైపులు, ప్యాకింగ్‌లు కూడా దీనికి తట్టుకునేలా చేసినవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది; వారాల తరబడి బండి కదలకుండా ఉంచితే కార్బరేటర్ గిన్నెలో నీరు, తుప్పు చేరి ఐడ్లింగ్‌కు పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం, ఐడిల్ జెట్, మూసుకుపోతుంది. ఆ జెట్‌ను తీగతో పొడవవద్దు, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్ వేసి, గాలి కొట్టాలి. లీకు కోసం వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లి చూసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానండి. ఒక్క మెరుపు చాలు, షెడ్డు అంటుకుంటుంది. ప్యాకింగ్ చుట్టూ నీటి తుంపర చల్లినా లీకు ఉన్నచోట ఇంజిన్ శబ్దం మారుతుంది.

గేజి బావ దగ్గరే వదిలి షార్జా వచ్చేశాను. ఇక్కడ వాట్సాప్‌లో మాట్లాడుకునే వీలు లేదు, అందుకని వీడియోలు పంపుతాడు. పది సెకన్లు ముల్లు, పది సెకన్లు ఇంజిన్ శబ్దం. డ్యూటీ దిగి గదికి వచ్చాక అవే నేను మొదట చూసేవి. ఇంటి డబ్బు నెలకోసారి పంపుతాను. ఈ పని మాత్రం రోజూ పంపగలుగుతున్నానన్న తృప్తి నాకు చాలా పెద్దది. ఈ మధ్య ఒక టూరిస్టు జీపు వీడియో వచ్చింది. ముల్లు నిలకడగానే ఉంది, కానీ 16 చూపిస్తోంది. గాలి లీకేనా, మానిఫోల్డ్ విప్పమంటావా అని బావ అడిగాడు. వీడియో ఎక్కడ తీశావని అడిగాను. అరకులోనట, బండి అక్కడ ఊగితే వెళ్లాడు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. ప్రతి వెయ్యి అడుగులకు గేజి ఒక అంగుళం తక్కువ చూపిస్తుంది, అంటే ఆ 16 విశాఖలో 19. అక్కడ గాలి పలచన, కార్బరేటర్ ఇచ్చే పెట్రోలు ఎక్కువైపోతుంది, అందుకే ఊగుతోంది. "ఏమీ విప్పవద్దు బావా, మిక్స్చర్ కూడా ముట్టుకోవద్దు. కిందికి దించి గాజువాకలో మళ్లీ వీడియో తీసి పంపు" అని చెప్పాను.