బరంపురం చుట్టూ కొండదారులు: లారీలు తిరగని సైకిల్ రూటు వేసుకోవడంలో నా అనుభవం

ఒడిశాలోని బరంపురం దాటి పడమరకి తిరిగితే దిగపహండి చేరేలోపే కొండలు కనబడతాయి. కొండ దగ్గరగా ఉన్నంత మాత్రాన సైకిల్‌కి పనికొచ్చే రోడ్డు దొరికినట్టు కాదు. తప్తపాణి మీదుగా మోహన వైపు వెళ్ళే పెద్ద రోడ్డు ఎంత అందంగా ఉన్నా, రాయగడ వైపు సరుకు పోయేది దాని మీదే. ఘాట్‌లో లారీ పొగ పీలుస్తూ ఎక్కాలి. ఈ చుట్టుపక్కల రోడ్లు వెతగ్గా వెతగ్గా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఈ రోడ్డుతో ఎవరికి పని? బస్సుకా, రాతి క్రషర్‌కా, ఇసుక టిప్పర్‌కా, లేక చివర ఉన్న రెండు మూడు ఊళ్ళకా? ఆ ఊళ్ళకి మాత్రమే అయితే అది మన రోడ్డు.

అలాంటి రోడ్లు ఎక్కువగా ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసినవే. ఆ పథకం 2000 డిసెంబరులో మొదలైంది. రోడ్డు మొదట్లో నిలబెట్టిన బోర్డు ముందు ఆగి చదవండి. పేరు, పొడవు, పని పూర్తయిన తేదీ ఉంటాయి. పూర్తయ్యాక 5 ఏళ్ళ పాటు మరమ్మతు అదే కాంట్రాక్టరు చూడాలి కాబట్టి, తేదీ ఆ గడువులో ఉంటే తారు బాగుంటుందని చాలావరకు నమ్మొచ్చు. గడువు దాటితే వెళ్ళి చూడాల్సిందే. తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, రద్దీ మరీ తక్కువైతే 3 మీటర్లు. రెండు పెద్ద బళ్ళు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాలి. అందుకే పని లేని లారీ ఇటు రాదు.

ఈ రోడ్లతో ఒక చిక్కుంది. రోడ్డు లేని ఊరికి ఒక రోడ్డు ఇవ్వడం ఈ పథకం ఉద్దేశం, రెండు ఊళ్ళని రెండు వైపులా కలపడం కాదు. కాబట్టి కొండకి ఇటుపక్క నుంచి వచ్చిన తారు ఒక ఊళ్ళో ఆగిపోతుంది, అటుపక్క నుంచి వచ్చింది ఇంకో ఊళ్ళో ఆగిపోతుంది. మధ్యలో రెండు మూడు కిలోమీటర్లు రాళ్ళబాట, ఒక గెడ్డ (వాగు). ఫోన్ మ్యాపు ఈ మూడింటినీ ఒకే రంగు గీతతో కలిపి చూపిస్తుంది. చుట్టి రావొచ్చనుకుని బయల్దేరినవాళ్ళు ఇరుక్కునేది ఇక్కడే. శాటిలైట్ బొమ్మ పెద్దది చేసి, ఊరు దాటాక గీత రంగు చూడండి. తారు బూడిద రంగులో ఒకే వెడల్పుతో సాగుతుంది. మట్టిబాట ఎర్రగా ఉండి, వెడల్పు మారుతూ, చెట్ల కింద మాయమై మళ్ళీ కనబడుతుంది. అనుమానం వస్తే ఆ రోడ్డుని వెళ్ళి వెనక్కి వచ్చేదిగానే లెక్కేసుకోండి. నా మటుకు ఖాళీ రోడ్డు మీద వెళ్ళిన దారినే తిరిగి రావడంలో లోటేమీ లేదు. కిందికి దిగేటప్పుడు అదే రోడ్డు వేరేగా ఉంటుంది.

ఎత్తు లెక్క విషయంలో ఫోన్‌ని పూర్తిగా నమ్మకండి. చాలా యాప్‌లు వాడే ఎత్తుల సమాచారం సుమారు 30 మీటర్ల గడులుగా ఉంటుంది. కొండ పక్కని తొలిచి వేసిన రోడ్డు మీద ఒకే గడిలో పైనున్న బండా, కిందున్న లోయా కలిసిపోతాయి. గీత 20 మీటర్లు పక్కకి జరిగితే చాలు, లేని ఎక్కుడు పుట్టుకొస్తుంది. యాప్‌లో ఎక్కడో ఒకచోట 18 శాతం కనబడినా ఘాట్ రోడ్డు మీద నిజంగా ఉండేది సాధారణంగా 5 నుంచి 7 శాతం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాపు) తీసుకుంటే ఇంకా తేలిక. అందులో ఎత్తుగీతల (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల) మధ్య తేడా 20 మీటర్లు. కిలోమీటరు రోడ్డు మూడు గీతలు దాటితే 60 మీటర్లు ఎక్కినట్టు, అంటే 6 శాతం. కొత్త రోడ్లు ఆ షీటులో ఉండకపోవచ్చు కానీ కొండ ఎక్కడికీ పోదు. కొత్త రోడ్డుని పెన్సిల్‌తో గీసుకుని గీతలు లెక్కపెట్టుకోవచ్చు.

మ్యాపు పని అయ్యాక మనుషుల్ని అడగాలి. ‘రోడ్డు బాగుందా’ అంటే అందరూ బాగుందనే చెప్తారు. అక్కడ ట్రెక్కర్ (ఊళ్ళ మధ్య జనాన్ని ఎక్కించుకుని తిరిగే) జీపు నడిపేవాణ్ణో, పికప్ వ్యాన్ వాణ్ణో పట్టుకుని మూడు సంగతులు అడుగుతాను. పిచు రాస్తా (తారు రోడ్డు) ఏ ఊరి దాకా ఉంది? వానల్లో కూడా ట్రెక్కర్ వెళ్తుందా? సంత ఏ రోజు? వానల్లో జీపు వెళ్తోందంటే కల్వర్టులు నిలిచాయన్నమాట. సంత రోజున మాత్రం ఆ ఖాళీ రోడ్డు మీదే జీపులూ పికప్‌లూ తెల్లారకముందే మొదలవుతాయి. రూటు ఎంత మంచిదైనా ఆ రోజు వదిలేయండి. తారాతారిణి వైపు పురుషోత్తంపూర్ రోడ్డుకి చైత్ర మంగళవారాలూ ఇంతే. ఆ రోజుల్లో భక్తులతో రోడ్డు నిండిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది దక్షిణం వైపు: చికిటి, సురంగి, జరడా, పాత్రపురం మధ్య పల్లెరోడ్లు. పొలాలు, చెరువు గట్లు, పక్కనే కొండల వరస. ఎక్కుళ్ళు చిన్నవి. దారి అడగాలన్నా చాలా ఊళ్ళలో తెలుగు నడుస్తుంది. తప్తపాణి బరంపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లు. అక్కడికి పెద్ద రోడ్డు మీద వెళ్ళక తప్పని ముక్క ఉంటుంది కాబట్టి దాన్ని తెల్లవారుజామునే దాటేయండి. ఇంకా పైకి చంద్రగిరి, జిరంగ వైపు 1963లో టిబెటన్లు వచ్చి స్థిరపడ్డ క్యాంపులున్నాయి. జిరంగలో పద్మసంభవ మహావిహారం 2010లో ప్రారంభమైంది. క్యాంపుల మధ్య రోడ్లు మొక్కజొన్న చేల నడుమ మెలికలు తిరుగుతాయి, బళ్ళు చాలా తక్కువ. ఘాట్ మీద లారీలతో పోటీపడి అక్కడికి చేరేకన్నా సైకిల్‌ని బస్సు మీద వేసి పైకి తీసుకెళ్ళి, పైన తొక్కుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. 1501 మీటర్ల మహేంద్రగిరి జోలికి మాత్రం గేరూ బ్రేకూ రెండూ కుదిరాకే వెళ్ళండి.

గేరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది కాళ్ళ వల్ల కాదు, గేరు చాలక. ముందు, అంటే పెడల్ దగ్గర, చిన్న చైన్‌రింగ్ (పళ్ళచక్రం) 34 పళ్ళు, వెనక పెద్దది 28 పళ్ళు అనుకోండి. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే వేగం గంటకి 9 కిలోమీటర్ల పైన. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలైతే 7 శాతం ఎక్కుడు మీద ఆ వేగానికి దాదాపు 150 వాట్లు కావాలి. అరగంట సేపు అంత ఇవ్వడం చాలామందికి కుదరదు. వెనక 34 పళ్ళు పెడితే అదే తిప్పుడుకి వేగం 7.5, కావలసింది సుమారు 125 వాట్లు. ఆ తేడాతోనే దిగి తోసుకోకుండా కూర్చుని ఎక్కగలం. అయితే క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల సెట్టు) ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. 34 పళ్ళకి పొడుగు కేజ్ ఉన్న డిరైలర్ (వెనక చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపే భాగం) కావాలి, చైన్ పొడవు కూడా సరిచూడాలి. పాత చైన్ పొట్టిదైతే ముందు పెద్దది, వెనక పెద్దది కలిసినప్పుడు బిగుసుకుని, డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్‌ని విరగ్గొడుతుంది. స్టాండు మీద ఆ కలయికలో చేత్తో మెల్లగా తిప్పి చూశాకే రోడ్డెక్కండి. మూడు చైన్‌రింగుల హైబ్రిడ్ ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు.

టైరు 32 మిల్లీమీటర్లయితే హాయి. 75 కిలోల మనిషికి గాలి ముందు 55, వెనక 65 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. పల్లెరోడ్డు తారు పొర పలచన, వానల తర్వాత కంకర లేస్తుంది. గాలి గట్టిగా ఉంటే ఆ కంకర మీద చక్రం ఎగిరి పట్టు పోతుంది. మరీ తక్కువైతే తారు అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. ఆ అంచు చాలాచోట్ల జానెడు దాకా లోతు ఉంటుంది. ఎదురుగా బండి వస్తే దాని మీంచి కిందికి జారకండి. ముందే ఆగి, కాలు పెట్టి దిగండి.

పల్లెల్లో సైకిల్ షాపు దొరుకుతుంది కానీ అక్కడ ఉండేది పెద్ద నల్ల సైకిల్ ట్యూబులే. మోటార్‌సైకిల్ పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవాలంటే సన్న ప్రెస్టా వాల్వుకి ఇత్తడి అడాప్టర్ కావాలి. వేలి గోరంత వస్తువు, జేబులో ఉంచుకోండి. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, చేతి పంపు, చైన్ లింకు ఒకటి. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ పూర్తిగా ఆరాకే అంటించాలి. తొందరపడితే పది కిలోమీటర్లలో ఊడుతుంది. కొత్త ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల వేలితో నెమ్మదిగా తడమండి. తుమ్మముల్లు మొన విరిగి రబ్బరులోనే ఉండిపోతుంది, బయటికి కనబడదు.

కోతల కాలంలో, నవంబరు నుంచి జనవరి దాకా, ఊరి దగ్గర రోడ్డంతా కళ్ళమే. వడ్లు, చోళ్ళు, ఉలవలు పరిచి ఉంటాయి. బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని కొందరు కావాలనే పరుస్తారు. ఉలవల మీద సైకిల్ నిలవదు. గడ్డి అయితే ఇంకో రకం ప్రమాదం: ఒక పోచ వెనక డిరైలర్ చిన్న చక్రాల్లో చుట్టుకుంటుంది, దాని వెనకే మిగతాదీ వస్తుంది. పెడల్ బరువెక్కినట్టు అనిపించిన క్షణమే తొక్కడం ఆపండి. బలవంతంగా తిప్పితే డిరైలర్ చువ్వల్లోకి వెళ్తుంది. దిగి, చైన్ వెనక్కి తిప్పి, గడ్డిని చేత్తో లాగేయాలి. పరిచిన గింజ దగ్గర దిగి పక్కనుంచి నడిపించుకు వెళ్ళడం మర్యాద కూడా. ఏడాది పంట అక్కడుంది.

దిగుడులో బ్రేకు పట్టుకునే ఉండకండి. రిమ్ బ్రేకైతే రిమ్ము కాలిపోతుంది. మలుపుకి ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయాలి. గెడ్డ మీద కాజ్‌వే (నీళ్ళు పైనుంచి పారే చప్టా) ఉంటే పచ్చటి పాకుడు చూసుకోండి, దాని మీద తిరగడం, బ్రేకు వేయడం రెండూ వద్దు. నిటారుగా దాటాలి. అక్టోబరులో తుఫాను వస్తే ఆ సీజనుకి పాత సమాచారం ఏదీ చెల్లదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటిది జరిగాక ట్రెక్కర్ వాళ్ళని మళ్ళీ మొదటి నుంచి అడగాలి.

మార్చి తర్వాత గంటకి లీటరు నీళ్ళు దాకా లెక్కేసుకోండి. లీటరుకి ఒక పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్, సగం నీళ్ళల్లో మొత్తం ప్యాకెట్ కలపొద్దు. బోరు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, ఊళ్ళ మధ్య మాత్రం దొరకదు. పనస, జీడిమామిడి పండే రోజుల్లో ఎలుగులు తోటల్లోకి దిగుతాయి. చీకటుండగా కొండ అంచు రోడ్డు మీదికి వెళ్ళకండి. పెద్ద రోడ్డు ముక్క చీకట్లో, కొండ ముక్క వెలుగులో వచ్చేలా బయల్దేరే టైము వేసుకోండి. ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. డిసెంబరులో 5 దాటిన కాసేపటికే పొద్దు గూకుతుంది, కాబట్టి మధ్యాహ్నం 2కల్లా వెనక్కి తిరగాలి.

ఆలస్యమైతే మొండిగా తొక్కకుండా బస్సెక్కండి. సైకిల్ పైన వేసేముందు ముందు చక్రం ఊడదీసి ఫ్రేముకి కట్టండి. డిరైలర్ ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, ఫ్రేముని తాడుతో రెండుచోట్ల బిగించండి. తాడు చక్రానికి కట్టొద్దు, చువ్వలు వంగుతాయి. కండక్టర్‌కి లగేజీ డబ్బులు ముందే ఇచ్చి, ఇంకెవరి బస్తా దాని మీద వేయొద్దని చెప్పి, కట్టడం అయ్యేదాకా మీరే పైన నిలబడి చూసుకోండి.