ఆ చేను నిజంగానే వేశారు

మా మరిది మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. అందరూ పడుకున్నారు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు 'ఇంటర్‌స్టెల్లార్' పెట్టారు, పంటలు పోయిన భూమిని వదిలి వేరే గ్రహం వెతుక్కుంటూ అంతరిక్షంలోకి వెళ్ళే ఇంగ్లీషు సినిమా. మరిది సంగతి మీకు తెలుసుగా, సోఫాలో వాలి రీల్స్ చూసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి తీర్పు చెప్పేస్తాడు. పచ్చటి మొక్కజొన్న చేను, దాని మధ్యలో ఇల్లు కనబడగానే "ఇదంతా గ్రాఫిక్సేలే వదినా" అన్నాడు.

"కాదయ్యా, అది నిజం చేను, సినిమా కోసమే వేశారు" అన్నాను.

"ఎవడేస్తాడు వదినా, కంప్యూటర్లో కొట్టేస్తారు" అని మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాడు. నేను చెప్పబోయేది వినను కూడా వినలేదు. మా ఆయన 'వదిలేయ్' అన్నట్టు సైగ చేశారు. దాంతో ఇంకా మండింది.

ఎలా వదిలేస్తాను? కెనడాలో ఆల్బెర్టా అనే రాష్ట్రం ఉంది. అక్కడ కాల్గరీ అనే నగరం దగ్గర ఈ సినిమా కోసం 500 ఎకరాల్లో మొక్కజొన్న వేశారు. 2013 ఆగస్టులో షూటింగ్ మొదలయ్యే వేళకి పైరు ఎదిగి ఉండాలి. దానికి తగ్గట్టు ముందే విత్తుకోవాలి, వానా ఎండా కలిసిరావాలి. ఆ ఇల్లు కూడా అక్కడే కట్టారు. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్‌కి ఆ ప్రాంతం కొత్త కాదు, అంతకుముందు తీసిన 'ఇన్‌సెప్షన్'లో మంచుకొండల సీన్లు తీసింది ఆల్బెర్టాలోనే.

అంత ఎందుకంటే కథంతా ఆ చేను మీదే నిలబడింది. తెగులొచ్చి ఒక్కో పంటా పోతుంటుంది. గోధుమ పోయింది. బెండకాయకి ఇదే ఆఖరి కాపు అని ఒక మాట వస్తుంది. ఇక మిగిలింది మొక్కజొన్నే. మనిషి తినడానికి ఆ ఒక్క పంటే మిగిలినప్పుడు, దాన్ని బొమ్మ గీసి చూపిస్తే మనకి గుండెలో దిగులు పుడుతుందా? ఇవాళ మా ఇంట్లో కూర బెండకాయ వేపుడే. ఆ మాట రాగానే మా అమ్మాయి తిరిగి నా వంక చూసింది. ఇవాళ్టికి నాకు దొరికిన సంతోషం అదే.

దుమ్ము తుఫానూ అంతే. పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి, అట్టపొడి లాంటిది ఊరి వీధుల్లోకి విసిరారు. మధ్యలో ముసలివాళ్ళు కూర్చుని దుమ్ము గురించి చెబుతారే, వాళ్ళలో చాలామంది నటులు కారు. 1930ల్లో అమెరికాలో నిజంగా ఆ దుమ్ములో బతికినవాళ్ళు. ఒక డాక్యుమెంటరీ కోసం చెప్పిన మాటల్ని ఇందులో వాడుకున్నారు. హీరో వెళ్ళే నీళ్ళ గ్రహం, మంచు గ్రహం రెండూ ఐస్‌లాండ్‌లో తీశారు. మోకాలి లోతు నీళ్ళు ఎటు చూసినా పరుచుకుని ఉండే చోటొకటి, హిమానీనదం ఒకటి. ఆకాశనౌక నమూనాని కూడా అక్కడికి మోసుకుపోయారు. స్టూడియోలో నౌక కిటికీల బయట ప్రొజెక్టర్లతో నక్షత్రాలు వేశారు, నటులు నిజంగా వాటిని చూస్తూ నటించాలని. అంతరిక్షంలో కనబడే ఆ బ్లాక్ హోల్ (కృష్ణబిలం) కంప్యూటర్ పనే, ఒప్పుకుంటాను. దానికి కిప్ థోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త సమీకరణాలిచ్చాడు. ఇంత పని చేసినవాళ్ళని సోఫాలో పడుకుని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే నాకు కోపం రాదా?

ఇక్కడిదాకా రాసి మంచినీళ్ళు తాగొచ్చాను. వచ్చేసరికి కోపం ఇంకో వైపు తిరిగింది.

ఆ చేలోనే ఒక సీను ఉంది. పైన మన దేశపు డ్రోన్ ఒకటి ఎగురుతుంటుంది, దాని వెంట హీరో పిల్లల్నేసుకుని ట్రక్కు తోలుకుంటూ నిలువెత్తు పైరులోంచి దూసుకుపోతాడు. చేను నిజమైతే ఆ తొక్కుడూ నిజమే కదా. కంకులు పటపటా విరుగుతుంటే నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

ఆ చప్పుడు నాకు తెలుసు. కొల్లిపర వైపు మా నాన్న మాగాణిలో వరి కోయగానే, దున్నకుండా ఆ తడి మీదే మొక్కజొన్న పెట్టేవాడు. తాడు లాగి వరసగా గింజ వేసేవాళ్ళు, స్కూలు లేని రోజు నేనూ వెళ్ళేదాన్ని. ఒక ఏడాది కంకి పాలు పోసుకునే వేళకి చుట్టాలాయన కొత్త జీపేసుకుని పొలం చూడ్డానికొచ్చాడు. డొంకలో తిప్పుకోవడం కుదరక, వెనక్కి పోవడానికి బద్ధకించి, జీపుని చేలోకి దింపి అటు నుంచి తిప్పేశాడు. నవ్వుకుంటూనే తిప్పాడు. నాన్న ఏమీ అనలేదు. వాళ్ళకి మజ్జిగిచ్చి పంపించాడు. తర్వాత విరిగిన మొక్కలన్నీ కోసి గేదెలకి మోపు కట్టాడు, పాలకంకులు నా చేతికిచ్చాడు. ఆ రాత్రి అన్నం కలుపుకుని, తినకుండానే లేచాడు. అమ్మ అడిగితే ఆకలి లేదన్నాడు. ఆ చుట్టాలాయన పెళ్ళిళ్ళలో ఎదురైతే ఇప్పటికీ నాకు మాట్లాడబుద్ధి కాదు.

మరి నోలన్ చేసిందీ అదే కదా? ఆ చేను గ్రాఫిక్సే అయ్యుంటే బాగుండేదని సాయంత్రం అనిపించింది. మరిదికి మాత్రం చెప్పలేదు.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మామూలు మాటలయ్యాక ఈ సంగతీ చెప్పాను. 500 ఎకరాలనేసరికి "నీళ్ళెక్కడివి?" అన్నాడు. ట్రక్కు తోలారన్నాను. "వేసుకున్నది వాళ్ళేగా, వాళ్ళ చేను వాళ్ళిష్టం. మిగతాది కోశారా, వదిలేశారా?" అన్నాడు. కోసి అమ్మారని, ఖర్చులు పోను లాభం కూడా వచ్చిందని నోలనే చెప్పాడని అన్నాను. నాన్న గొంతులో హుషారు వచ్చేసింది. "సగం తొక్కేసినా లాభమొచ్చిందంటే మంచి రేటే పలికుంటుందమ్మా" అన్నాడు. జీపు మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

వచ్చే వారం కంటి చెకప్‌కి గుంటూరు వస్తున్నాడు. సినిమా అంతా వద్దట, ఆ చేను వరకు చూపిస్తే చాలన్నాడు. వరసకీ వరసకీ మధ్య ఎంత ఎడం పెట్టారో చూడాలట.