1.96 దాటితే చాలా?

పాతిక కిలోల బియ్యం బస్తాలు 36 తూకం వేస్తే సగటు 24.9 కిలోలు, ప్రామాణిక విచలనం (బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 0.3 వచ్చాయనుకుందాం. శూన్య పరికల్పన, అంటే తేడా ఏమీ లేదన్న ఊహ: మిల్లు సరుకు మొత్తం అసలు సగటు 25 కిలోలే. దాన్ని కొట్టేయొచ్చా అన్నదే ప్రశ్న.

ముందు 0.3ని 36 వర్గమూలంతో, అంటే 6తో భాగించాలి. వచ్చే 0.05 ప్రామాణిక దోషం, అంటే శాంపిల్ సగటు మామూలుగా అటూ ఇటూ ఊగే మేర. చాలామంది ఈ భాగహారం మరిచిపోయి 0.3నే వాడేస్తారు. తేడా మైనస్ 0.1, దాన్ని 0.05తో భాగిస్తే జవాబు మైనస్ 2. నార్మల్ పట్టికలో రెండు వైపులా (ఎక్కువైనా, తక్కువైనా) కలిపి 5 శాతానికి హద్దు 1.96. మైనస్ గుర్తు వదిలేస్తే 2 దాన్ని దాటింది కదా అని పరికల్పనను కొట్టేస్తే తొందరపడ్డట్టే. ఆ 0.3 ఈ 36 బస్తాల నుంచి లెక్కగట్టింది, మిల్లు సరుకు మొత్తానిది కాదు. అలాంటప్పుడు చూడాల్సింది టీ పట్టిక. 35 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి (ఇక్కడ బస్తాల సంఖ్య కన్నా ఒకటి తక్కువ) హద్దు 2.03. దాటలేదు! (1908లో ఈ పద్ధతిని ప్రకటించిన గాసెట్ గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. చిన్న శాంపిళ్లతో ఆయనకు రోజూ పనే.)

పీ విలువ సుమారు 0.053. సగటు 25 అయ్యే అవకాశం 5.3 శాతమని దీనర్థం కాదు. సగటు నిజంగా 25 అయినా, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం అది. ఫలితం చూశాక "తక్కువ తూగుతోందా అన్నదొక్కటే చూద్దాం" అంటే పీ సగమైపోతుంది, పరికల్పన ఓడిపోతుంది. అది తొండాట. ఒక వైపా, రెండు వైపులా అన్నది తూకానికి ముందే రాసిపెట్టుకోవాలి.