మైకు ముందు నిలబడి అడిగే చోటు

బ్లిజార్డ్ అనే గేమ్ కంపెనీ తన అభిమానుల కోసం పెట్టే పండగ బ్లిజ్‌కాన్. 2010లో అక్కడ తీసిన ఒక చిన్న వీడియో నేను ఇప్పటికీ అప్పుడప్పుడు పెట్టుకుని చూస్తుంటాను. ఆ కంపెనీ ఆన్‌లైన్ గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కథ రాసేవాళ్ళు వేదిక మీద కూర్చున్నారు, జనం ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి ప్రశ్నలు అడుగుతున్నారు. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక కుర్రాడి వంతు వచ్చింది. ఆటలో డ్వార్ఫ్‌లనే మరుగుజ్జుల్ని పాలించే మూడు సుత్తుల మండలిలో ఫాల్‌స్టాడ్ అనే పాత్ర ఉంటాడన్నారు కదా, బీటాలో, అంటే విడుదలకి ముందు పరీక్షకి ఇచ్చిన ఆటలో చూస్తే ఆ చోట కుర్‌డ్రాన్ అనే ఇంకో పాత్ర ఉన్నాడు, మరి ఫాల్‌స్టాడ్ ఏమయ్యాడు అని అడిగాడు. అతను చనిపోయాడు కదా అన్నారు వేదిక మీది నుంచి ఒకాయన. లేదు, బతికే ఉన్నాడు, ఆట మొదలైనప్పటి నుంచీ ఆటలోని ఏరీ పీక్ అనే చోటుకి నాయకుడు అతనేనని కుర్రాడు అక్కడికక్కడే చెప్పాడు. కంపెనీ తర్వాత ఆ తప్పు దిద్దుకుంది. ఫాల్‌స్టాడ్‌ని మండలిలోకి తెచ్చి, అతని దగ్గరే ఎర్ర చొక్కాతో ఒక డ్వార్ఫ్‌ని నిలబెట్టి, వాడికి వైల్డ్‌హామర్ ఫ్యాక్ట్ చెకర్, అంటే ఫాల్‌స్టాడ్ వంశంలో నిజాలు సరిచూసేవాడు అని పేరు పెట్టింది.

గేమ్ కంపెనీలు తమ అభిమానుల కోసం సొంతంగా పెట్టుకునే ఈ పండగలంటే నాకు గుర్తొచ్చేది ఇదే. ట్రైలర్లు ఎక్కడైనా చూస్తాం. ఆట చేసినవాడికి, ఆడేవాడికి మధ్య పది అడుగుల దూరం మాత్రమే ఉండే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

2023 డిసెంబరులో ఈ3 అనే పెద్ద గేమ్ ప్రదర్శన శాశ్వతంగా మూతపడ్డప్పుడు అందరూ బాధపడ్డారు, నేనూ పడ్డాను, కానీ అది మొదట్నుంచీ వ్యాపారులకి, విలేకరులకి పెట్టిన ప్రదర్శన, మామూలు జనానికి టికెట్లు అమ్మడం మొదలుపెట్టిందే 2017లో. అభిమానుల కోసమే పుట్టినవి మాత్రం ఒక్కొక్కటిగా, పెద్దగా చప్పుడు లేకుండా పోయాయి. సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ ఎక్స్‌పీరియన్స్ 2014లో మొదలై 2017తో ఆగింది, 2018లో చూపించడానికి సరిపడా సరుకు లేదని మానేశారు. లాస్ వేగాస్‌లో 2011లో మొదలై పారిస్, ఓర్లాండో, లండన్ తిరిగిన మైన్‌క్రాఫ్ట్ గేమ్ పండగ మైన్‌కాన్ 2017కల్లా ఆన్‌లైన్ ప్రసారమైపోయింది. బ్లిజ్‌కాన్ 2019 తర్వాత కోవిడ్‌తో ఆగి, 2021లో ఆన్‌లైన్‌లో జరిగి, 2023లో ఒక్కసారి హాల్లోకి తిరిగొచ్చి, 2024లో రద్దయింది, 2025లో అసలే లేదు.

కారణం ఖర్చు అంటారు, నిజమే. హాలు అద్దె, వేదిక, లైట్లు ఒక ఎత్తయితే, అక్కడ ఆడించడానికి ఒక డెమో తయారు చేయాలని డెవలపర్లు అసలు పని పక్కన పెట్టి కూర్చోవడం ఇంకో ఎత్తు. నింటెండో కంపెనీ 2011లో కొత్త ఆటల గురించి నేరుగా చెప్పే డైరెక్ట్ వీడియోలు మొదలుపెట్టి దారి చూపించింది. అరగంట వీడియో, ప్రపంచమంతా ఒకేసారి చూస్తుంది. పైగా 2023 బ్లిజ్‌కాన్ టికెట్టే 299 డాలర్లు, ప్రయాణం, హోటలు వేరే. అంత పెట్టి వెళ్ళలేని మాలాంటి వాళ్ళకి వీడియోనే న్యాయమైన పద్ధతి, అది నేను ఒప్పుకుంటాను.

కానీ ఖర్చొక్కటే కాదని నా నమ్మకం. 2018 బ్లిజ్‌కాన్ తలుచుకోండి. బ్లిజార్డ్ వాళ్ళ పేరున్న పీసీ గేమ్ డయాబ్లో కొత్త భాగం వస్తుందని ఎదురుచూస్తున్న జనానికి చివర్లో డయాబ్లో ఇమ్మోర్టల్ అని ఫోన్ గేమ్ చూపించారు. ప్రశ్నల సమయంలో ఒకతను, ఇది ఏప్రిల్ ఫూల్ జోకా అని మైకులోనే అడిగేశాడు. పీసీలో తెచ్చే ఆలోచన లేదనగానే హాల్లో అరుపులు. మీ దగ్గర ఫోన్లు లేవా అని వేదిక మీది నుంచి వచ్చిన ఆ మాట ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. చివరికి 2022లో ఆ ఆట ఫోన్‌తో పాటు పీసీలోనూ వచ్చింది! హాల్లో అరిచినవాళ్ళు అడిగింది అదే కదా. ముందే రికార్డు చేసిన వీడియోలో ఇలాంటి ఇబ్బంది ఉండదు, ఆ మాట చెవిన పడే అవకాశమూ ఉండదు. ఎర్ర చొక్కా కుర్రాడు, ఏప్రిల్ ఫూల్ అన్న అతను నిలబడింది ఒకేలాంటి మైకు ముందు. ఒకరిని మాత్రమే ఉంచుకుని ఇంకొకరిని తీసేయడం కుదరదు.

నిలబడ్డవి ఎందుకు నిలబడ్డాయో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. క్వేక్ అనే షూటింగ్ గేమ్ పేరుతో జరిగే క్వేక్‌కాన్‌ని 1996లో మొదలుపెట్టింది కంపెనీ కాదు, అభిమానులు. టెక్సస్‌లోని గార్లండ్‌లో ఒక హోటల్‌కి ఎవరి కంప్యూటర్ వాళ్ళు మోసుకొచ్చి, కేబుళ్ళు కలుపుకుని ఆడుకున్నారు. తర్వాత కంపెనీ తోడైంది, కానీ ఇప్పటికీ వాలంటీర్లు ముందుండి నడిపిస్తారు. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌కి వెళ్ళినా 2023లో మళ్ళీ మనుషుల మధ్యకి వచ్చేసింది. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేమ్ వాళ్ళ ఫ్యాన్‌ఫెస్ట్ కూడా అంతే, 2004 నుంచి ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్‌లో జరుగుతోంది. ఆ ఆటలోనైతే ఆటగాళ్ళే ఓట్లేసి తమ ప్రతినిధులని ఎన్నుకుంటారు, వాళ్ళు కంపెనీతో ఎదురుగా కూర్చుని మాట్లాడతారు.

బ్లిజ్‌కాన్ మళ్ళీ 2026 సెప్టెంబరులో అని ప్రకటించారు. ఆ షెడ్యూల్‌లో నేను ముందు వెతికేది కొత్త ఆట పేరు కాదు, జనం వరసలో నిలబడి ప్రశ్నలు అడిగే గంట ఎక్కడుందా అని.