ఖాళీ బకెట్టు

నాకు గొంతు బాగుండేది. ఆ ధీమాతోనే రంగస్థల శాఖలో సీటు కోసం వచ్చాను. మా ఊళ్లో పౌరాణిక నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. మైకు ముందు నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి రాగం తీస్తే చాలు, వన్స్‌మోర్లు పడేవి. మెడ కింద ఒక ఒళ్లుందని ఎవరికీ పట్టేది కాదు. (తప్పు పట్టను. మైకు ఎక్కడుంటే నటుడూ అక్కడే ఉండాలి కదా!)

మొదటి ఏడాది ఒక చిన్న సన్నివేశంలో నేను నీళ్లబకెట్టు తెచ్చి దించాలి. ఖాళీ బకెట్టు పట్టుకొచ్చి, మోస్తున్నట్టు ముఖం పెట్టాను. వెనక కూర్చున్నవాళ్లు కిసుక్కుమన్నారు. మాస్టారు నవ్వలేదు. బయట కుళాయి దగ్గర నిండా పట్టించి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పదిసార్లు మోయించారు.

"ముఖం సంగతి తర్వాత, ఆ ఎడమ చెయ్యి చూసుకోరా" అన్నారు.

చూసుకున్నాను. బరువు కుడిచేతిలో ఉంటే ఒళ్లు ఎడమకు వాలుతోంది. ఎడమ చెయ్యి దానంతటదే పక్కకు లేస్తోంది. అడుగు పొట్టిదవుతోంది. కింద పెట్టాక ముందు ఊపిరి వదులుతాం, ఆనక నడుము నిలబడుతుంది, ఆఖరున వేళ్లు. పిడికిలి వెంటనే విచ్చుకోదు! పదకొండోసారి నీళ్లు పారబోయించి నడవమన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ మర్నాడు బోర్డు మీద రుడాల్ఫ్ లాబన్ పేరు రాశారు. ఒంటి కదలికలను విడమర్చి చెప్పిన నాట్యాచార్యుడాయన. ఆయన లెక్కలో ఏ కదలికకైనా నాలుగు అంశాలు: బరువు, కాలం, స్థలం, ప్రవాహం. మొదటి మూడింటి కలయికల్లోంచి పుట్టే ఎనిమిది కదలికలు: నొక్కడం, పిండడం, గుద్దడం, తేలడం వగైరా. పరీక్షకు బట్టీ పట్టాం, మర్చిపోయాం. గుర్తున్నది వాటితో ఆడిన ఆటే. "అన్నం తిన్నావా?" అన్న ఒక్క మాటను ఒళ్లంతా నొక్కిపట్టి అంటే అత్తగారు, తేలిపోతూ అంటే కొత్త పెళ్లికూతురు.

మా బ్యాచ్‌లో కూచిపూడి నేర్చిన అమ్మాయికీ మాస్టారికీ రోజూ వాదనే. "యతో హస్తస్తతో దృష్టిః", చెయ్యి ఎటు వెళితే చూపూ అటే, అని ఆమె పాత నాట్యగ్రంథం అభినయదర్పణం అప్పజెప్పేది. నాట్యానికి అది సరే, నాటకంలో తలుపు చప్పుడైతే ముందు కదిలేది కన్ను, తర్వాత మెడ, ఆపైన భుజం అని ఆయన. ఇప్పటికీ నేను ఎటూ తేల్చుకోలేదు.

దర్శకత్వంలోకి వచ్చాక రిహార్సల్లో ఒక పూట మాటల్లేకుండా నడిపిస్తాను. మాట్లాడేవాడి వెనక ఇంకొకడు తువ్వాలు దులిపాడా, చూపులన్నీ అటే. అలాంటివి డైలాగుల హోరులో నాకే కనబడవు. పోయిన నెల ఒక కొత్త కుర్రాడు దుబాయ్ నుంచి దిగిన కొడుకు పాత్రలో సూట్‌కేసు ఊపుకుంటూ వచ్చాడు. ఏమీ అనలేదు. అందులో నాలుగు ఇటుకలు పెట్టించాను.