రౌటర్‌తో పాటే మూగబోయే అలారం

ఈయన పడుకున్నారు, మా కుక్క లడ్డూ ఎప్పట్లాగే ఈయన దిండు మీద. నాకే నిద్ర రావట్లేదు. ట్రిప్పు గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటో బుర్రలోంచి పోవట్లేదు. ఆర్వీ (ఇల్లులా వాడుకునే ప్రయాణపు బండి) గోడకున్న 120 వోల్టుల ప్లగ్గులో పెట్టిన వైఫై థర్మామీటరు, కింద "ఇక కుక్క గురించి బెంగ లేదు" అన్న ముక్క, దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

బెంగ మొదలవ్వాల్సింది అక్కడే కదా! ఆర్వీలు నిలిపే పార్కులో, బండికి కరెంటిచ్చే స్తంభం దగ్గర బ్రేకర్ పడిపోయిందనుకోండి. ఏసీ ఆగుతుంది. అదే కరెంటు మీద బతికే రౌటర్ ఆగుతుంది. ఆ థర్మామీటరూ ఆగుతుంది. ఫోన్‌కి మాత్రం ఏమీ రాదు. యాప్ తెరిస్తే చివరిసారి చదివిన 74 ఫారన్‌హీట్ డిగ్రీలు చల్లగా కనిపిస్తూనే ఉంటాయి. ఏ ప్రమాదం కోసం పెట్టారో అది రాగానే మూగబోయే వస్తువుని అలారం అంటారా? ఈ మాటే గ్రూపులో రాస్తే "మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు" అని ఒక నవ్వు బొమ్మ. సరే, ఇక్కడ రాసుకుంటాను.

వెళ్తున్నది అమెరికాలో యూటా రాష్ట్రంలోని మోయబ్‌కి, జులైలో. అక్కడ 100 ఫారన్‌హీట్ వింతేమీ కాదు. అక్కడి ఆర్చెస్ నేషనల్ పార్కు ట్రెయిళ్ల (నడక దారుల) మీదకి కుక్కల్ని ఎత్తుకునైనా సరే తీసుకెళ్లనివ్వరు. కాబట్టి లడ్డూ లాంటివన్నీ బండిలో ఏసీ కిందే. మూసి ఉన్న కార్ల మీద స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2005లో కొలిచి చూపించారు: గంటలో సగటున 40 ఫారన్‌హీట్ డిగ్రీలు పెరుగుతుంది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. కిటికీ అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా లేదు. ఆర్వీ కారంత వేగంగా వేడెక్కదు, కానీ దాని గోడలూ అంతంతమాత్రమే. ఎంత వేగమన్నది ఎవరి బండికి వాళ్లే కొలుచుకోవాలి. మనిషి లోపల కూర్చుని, కుక్కని బయట నీడలో ఉంచి, మధ్యాహ్నం మూడింటికి ఏసీ ఆపేసి, ఐదు నిమిషాలకోసారి రాసుకోవడమే.

ఇక అలారం సంగతి. అసలు పట్టుకోవాల్సింది వేడిని కాదు, కరెంటు పోవడాన్ని. వేడి తర్వాత వస్తుంది, కరెంటు ముందే పోతుంది. మధ్యలో దొరికే ఆ కాసిన్ని నిమిషాలే మనకి మిగిలేవి. నేను కట్టిన అలారం పెట్టె మొత్తం బండి 12 వోల్టుల బ్యాటరీ మీద నడవాలి. పాజిటివ్ తీగ బ్యాటరీ నుంచి బయల్దేరే చోటే 2 ఆంపుల ఫ్యూజు, తర్వాత 5 వోల్టులకి దించే బక్ కన్వర్టర్, ఆ తర్వాత ఈఎస్‌పీ32 (ప్రోగ్రాం రాసుకునే చిన్న చిప్పు), ఎల్‌టీఈ మోడెమ్ (4జీ సిమ్ముతో నెట్టుకి కలిపేది) రెండూ కలిసున్న బోర్డు. 18650 సెల్లు (రీచార్జ్ అయ్యే లిథియం సెల్లు) పెట్టుకునే చోటున్న బోర్డయితే బ్యాటరీ తీగ ఊడినా కొన్ని గంటలు బతుకుతుంది.

కరెంటుని పసిగట్టడానికి ఖరీదైనదేమీ అక్కర్లేదు. గోడ ప్లగ్గులో ఒక మంచి యూఎస్‌బీ చార్జర్ పెట్టి, దాని 5 వోల్టుల్ని 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు పైన, 20 కిలో ఓమ్‌లది కింద వేసి విడగొడితే మధ్యలో 3.3 వోల్టులు వస్తాయి. అది ఈఎస్‌పీ32 కాలుకి (పిన్నుకి) సరిపోతుంది. చార్జర్‌దీ బోర్డుదీ గ్రౌండ్లు (నెగటివ్ తీగలు) రెండూ కలపాలి. కాలు సున్నా అయిందంటే కరెంటు లేదు. వెంటనే అరవకుండా 60 సెకన్లు ఆగాలి, లేకపోతే చిన్న మినుకుకి కూడా మోగి విసిగిస్తుంది. ఆ ప్లగ్గు ఇన్వర్టర్ మీద ఉన్నది కాకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీతో ప్లగ్గుని బతికిస్తూనే ఉంటుంది, పైన ఏసీ మాత్రం చచ్చి ఊరుకుంటుంది.

ఇది రాస్తుంటే పెదనాన్న బోరు గుర్తొచ్చింది. పొలానికి త్రీఫేజ్ అర్ధరాత్రి దాటాక ఇచ్చే రోజులవి. ఆయన స్టార్టర్ డబ్బా పక్కన బల్బు స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచేవారు. వాకిట్లో మంచం మీద పడుకుని చేను వైపే చూపు. బల్బు వెలగగానే చెప్పులేసుకుని, టార్చి పట్టుకుని, పాములున్న గట్టు మీద నడక. పెద్దమ్మ "పొద్దున్నే వెళ్లకూడదా" అనేది, పొద్దున్నకి కరెంటు ఉంటేగా! ఆ బల్బుకీ ఒక లోపం ఉండేది. అది ఉన్నది ఒక ఫేజు మీదే. మిగతా రెంటిలో ఒకటి పోయినా బల్బు దర్జాగా వెలుగుతూనే ఉండేది, మోటారు మాత్రం మూలుగుతూ వేడెక్కేది. అలా ఒకసారి వైండింగు కాలింది. ఆ తర్వాత సిమ్ము వేసే మొబైల్ స్టార్టర్లొచ్చాయి. కరెంటు రాగానే ఫోను మోగుతుంది, మోటారు ఇంట్లోంచే వేయొచ్చు, ఫేజు పోతే అదే ఆపేస్తుంది. ఆయన దాన్ని కొడుకుల కంటే ఎక్కువ నమ్మేవారు.

50 ఆంపుల ఆర్వీలోనూ అదే చిక్కు. అందులో 120 వోల్టుల లైన్లు రెండుంటాయి. ఏసీ ఒకదాని మీద, మన చార్జర్ రెండోదాని మీద ఉంటే, ఏసీ లైను పోయినా పెట్టె "అంతా క్షేమం" అంటుంది. చార్జర్ ఏసీ ఉన్న లైను మీదే ఉండాలి. బ్రేకర్లు ఒక్కొక్కటే ఆపి చూస్తే ఏది దేని మీదుందో తెలిసిపోతుంది.

అన్నట్టు, కరెంటే ముఖ్యమని పైన రాశాను కానీ, అది సగమే. కరెంటు ఉండగానే ఏసీ కాయిల్ మంచు కట్టి ఉత్త గాలి వదలొచ్చు. వోల్టేజి పడిపోయి తిరిగొచ్చాక కొన్ని థర్మోస్టాట్లు ఏసీని మళ్లీ వేయవు. మధ్యాహ్నం పార్కులో అందరి ఏసీలూ ఒక్కసారే లాగుతుంటే వోల్టేజి పడడం మామూలే. కాబట్టి వేడి సెన్సరూ కావాలి.

దానికి డీఎస్18బీ20 చాలు, నీళ్లు చొరని గొట్టంలో మీటరు తీగతో వచ్చేది. అర డిగ్రీ సెల్సియస్ అటూ ఇటూ. డేటా తీగకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టరు తప్పనిసరి. పెట్టెలోనే పెడితే బోర్డు వేడి చదువుతుంది, బయట పెట్టాలి. ఏసీ గాలి నేరుగా తగలని చోట, ఎండ పడని చోట, కుక్క ముక్కు ఎత్తులో. తీగ తెగితే సెన్సర్‌ని చదివే కోడ్ లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. "80 ఫారన్‌హీట్ దాటితే అరవాలి" అని మాత్రమే రాసినవాడికి అది మహా చల్లదనం! మైనస్ 127 వచ్చినా అలారమే. కొలత పూర్తికాకుండా చదివితే 85 సెల్సియస్ వస్తుంది, ఒక్కసారి వస్తే వదిలేసి మళ్లీ చదవాలి. ఇంకొకటి, సెన్సరు ఇచ్చేది సెల్సియస్. దాన్ని మార్చకుండా 80తో పోలిస్తే ఆ అలారం ఈ జన్మకి మోగదు.

ఇక నెట్టులో ఇప్పటికీ తిరిగే పాత సూచనల మీద నా మంట. సిమ్800ఎల్ అనే మోడెమ్ కొనమంటారు. అది 2జీ. పెదనాన్న స్టార్టర్లో బాగానే ఉంటుంది, ఇక్కడ అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ 2జీని 2017 మొదట్లోనే, 3జీని 2022 ఫిబ్రవరిలో ఆపేసింది. ఎల్‌టీఈ మోడెమే కావాలి. ఈమెయిల్‌ని ఎస్సెమ్మెస్‌గా మార్చే అడ్రసు వాడమంటారు, ఏటీ అండ్ టీ వాళ్ల ఆ దారీ 2025 జూన్‌లో మూతపడింది. పార్కు వైఫై వాడమంటారు, దాని లాగిన్ పేజీలో ఈఎస్‌పీ32 వేలితో నొక్కుతుందా? ఎస్సెమ్మెస్ గొడవే వద్దు. ఫోన్‌కి హెచ్చరికలు పంపే పుష్ఓవర్ యాప్‌లో ఎమర్జెన్సీ స్థాయి పెడితే, చూశామని నొక్కేదాకా 30 సెకన్లకోసారి మోగిస్తుంది, గరిష్ఠంగా 50 సార్లు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది గుండె చప్పుడు. పెట్టె ప్రతి 5 నిమిషాలకీ హెల్త్‌చెక్స్.ఐఓ లాంటి బయటి సర్వీసుకి "ఉన్నాను" అని చెప్పాలి. ఇంకో 5 నిమిషాలు చూసి, మాట రాకపోతే ఆ సర్వీసే మనకి ఫోన్ చేయాలి. మోడెమ్ బిగుసుకున్నా, ఫ్యూజు పోయినా, సిమ్ము డబ్బులైపోయినా తెలిసేది ఇలాగే. బయల్దేరే ముందు స్తంభం బ్రేకర్ దించి, సెన్సర్‌కి హెయిర్ డ్రయ్యర్ పెట్టి, యాంటెన్నా పీకి, మూడింటికీ ఫోన్ మోగిందో లేదో చూడాలి. ఇవాళ మూడింటికీ మోగింది, సంతోషం.

ఇంతా రాశాక ఆ ఫొటో వాళ్ల మీద కోపం కాస్త తగ్గింది. వాళ్ల రౌటర్‌ని 12 వోల్టుల మీదకి మార్చి, ఆ థర్మామీటర్‌ని బ్యాటరీతో నడిచేదిగా మారిస్తే రెండో కాపలాగా పనికొస్తుంది. నా పెట్టెకీ పెద్ద కంత ఉంది మరి. ఆర్చెస్ పార్కు లోపల చాలాచోట్ల సిగ్నలే ఉండదు, మోగాల్సిన ఫోన్ మూగది. అందుకే రెండో నంబరు పక్క బండి వాళ్లదో, ఆర్వీ పార్కు ఆఫీసుదో ఉండాలి, తాళం వాళ్ల దగ్గర ఉండాలి. ఏసీ ఆపి కొలిచినప్పుడు 85కి చేరడానికి పట్టిన సమయం కంటే మన తిరుగు ప్రయాణం ఎక్కువైతే, ఆ రోజు ఒకరు బండిలో ఉండాల్సిందే. ఆర్చెస్‌లోని డెలికేట్ ఆర్చ్ అనే రాతి కమానుకి తెల్లారకముందే వెళ్లి ఎండెక్కేలోపు వచ్చేద్దామంటే ఈయన గొణుగుతున్నారు.

హెచ్చరిక 82కి పెడదామని కూడా ఈయనే. లడ్డూ పగ్, ఆ చప్పిడి ముక్కుతో రొప్పి ఒంటి వేడి దించుకోవడం దానికి కష్టం. 80కే పెట్టాను. 85కి పక్క బండి వాళ్లకి కూడా వెళ్తుంది.