నేల మీద ముగ్గుతో గీసిన సోఫా

హనుమకొండలో ఇంటీరియర్ పని మొదలుపెట్టి ఎనిమిదేళ్లు దాటింది. మొదట్లో ఏ ఇంటికి వెళ్లినా నోట్‌బుక్ తెరిచి, "మీకు ఎట్లా కావాలి?" అని అడిగేదాన్ని. నూటికి తొంభై మంది, "సింపుల్‌గా, మంచిగ ఉండాలె" అనేవారు. నేను అదే రాసుకుని వచ్చేదాన్ని. ఆ సింపుల్ అనే మాట నన్ను పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒకరికి సింపుల్ అంటే తెల్లటి గోడలు. ఇంకొకరికి ఫాల్స్ సీలింగ్‌లో మూడు రంగుల లైట్లు కాకుండా రెండు రంగులతో సరిపెట్టడం. మరొకాయనకైతే ఖర్చు తక్కువ కావాలని. ఆ మాట నేరుగా అనడానికి ఆయనకు మొహమాటం, అడగడానికి నాకు మొహమాటం. చివరికి కొటేషన్ చూసి ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

నా పద్ధతి మారింది మాత్రం వడ్డేపల్లి వైపు కట్టిన ఒక ఇంటి దగ్గర. రెండు వందల గజాల స్థలం, తూర్పు ముఖం, కింద హాలు, వంటిల్లు, రెండు బెడ్‌రూంలు. ఇంటాయన రిటైరైన టీచరు, నేను సార్ అంటాను. ఆయనా, నేను అమ్మ అని పిలిచే ఆయన భార్యా పరకాల దగ్గరి ఊళ్లో పెంకుటింట్లో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నారు. కొడుకు అమెరికాలో ఉంటాడు. డబ్బు అతనిది, సంతకం సార్‌ది. ఆ ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరగబోయేది అమ్మ. ఇంత చిన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

కొడుకు వాట్సాప్‌లో నలభై దాకా ఫొటోలు పంపాడు. ఎల్ ఆకారం సోఫా, మధ్యలో రాతి బల్ల, గోడకు వేలాడే టీవీ యూనిట్. అన్నీ కలిపి కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ చేయించాను. అతనికి తెగ నచ్చింది. సార్ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "హాలు పెద్దగనే కనబడ్తున్నది" అన్నారు. నిజానికి త్రీడీలో ఏ గదైనా పెద్దగానే కనబడుతుంది. ఎదుటి గోడ అవతల నిలబడి చూస్తున్నట్టు కెమెరా పెడతారు, లెన్సు కూడా వెడల్పుది వాడతారు. ఆ సంగతి నేను చెప్పలేదు. అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని ఒకసారి చూసి తిరిగి ఇచ్చేస్తూ, "నీ ఇష్టం బిడ్డా" అన్నది.

ఇప్పుడైతే "నీ ఇష్టం" వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు మాత్రం అది ఒప్పుకోలు అనుకున్నాను.

వంటగట్టు అందరికీ పెట్టించినట్టే 34 అంగుళాల ఎత్తులో పెట్టించాను. కింద కడప బండల ఆసరా, పైన నల్ల గ్రానైట్. సింక్ కోసం కోత కూడా అయిపోయింది. ఒకరోజు అమ్మ ఫ్లాస్కులో చాయ్ తెచ్చి, పనివాళ్లకు పోసి, గట్టు ముందు ఊరికే నిలబడింది. రెండు చేతులూ గ్రానైట్ మీద పెట్టింది. చూస్తే భుజాలు రెండూ పైకి లేచి ఉన్నాయి.

"ఎత్తు సరిపోయిందా అమ్మా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా. జొన్నరొట్టె కొట్టాలంటేనే కొద్దిగ..." అని ఆగిపోయింది.

టేపు తీసి కొలిచాను. నేల నుంచి ఆమె మోచేయి దాకా 36 అంగుళాలు. నిలబడి వంట చేసే గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటేనే చేతికి సుఖం. రొట్టె కొట్టాలంటే బరువంతా అరచేతి మీదికి రావాలి కాబట్టి ఇంకాస్త కిందికి ఉన్నా మంచిదే. నేను పెట్టించిన గట్టు రెండే అంగుళాలు కింద ఉంది. ఆమె ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. మూడు నెలలుగా ఆమె ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాను, ఒక్కరోజు కూడా టేపు తియ్యలేదు.

మూడు అంగుళాలు దింపాలని పైబండ ఎత్తించాను. సింక్ కోత ముందున్న సన్నటి పట్టీ దగ్గర అది పటుక్కున రెండు ముక్కలైంది. గ్రానైట్‌లో బలహీనమైన చోటు అదే. కొత్త బండ డబ్బులు నా జేబులోంచి పోయాయి. సార్ సగం ఇస్తామన్నారు, తీసుకోబుద్ధి కాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గట్టు ఒక్కటే తప్పిందా, మిగతావన్నీ తప్పాయా? తెల్లారి, "అమ్మా, ఒకరోజు మీ ఊరి ఇంటికి వస్తా, ఏమీ చెయ్యొద్దు, ఊరికే కూర్చుంటా" అన్నాను. నవ్వి, "మా ఇంట్ల చూసుడానికి ఏమున్నది బిడ్డా" అన్నది.

చాలానే ఉంది. సార్ పొద్దున ఆరింటికే పేపర్ పట్టుకుని దర్వాజ పక్కన, వెలుతురు పడే చోట కూర్చున్నారు. ఆ కుర్చీ చేతుల మీద పాలిష్ ఆయన మోచేతుల కిందే పోయింది. నేనేమో కొత్త ఇంట్లో దర్వాజ పక్కనే చెప్పుల స్టాండ్ గీశాను. అమ్మ కూరగాయలు తరిగింది కత్తిపీట మీద, నేల మీద కూర్చుని. మధ్యాహ్నం సీరియల్ చూసిందీ నేల మీదే, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని. మంచం ఉంది, కుర్చీలున్నాయి, అయినా నేల మీదే. లోపలి అర్రలో బియ్యం బస్తాలు, ఏడాదికి సరిపడా కారం, చింతపండు, మామిడికాయ తొక్కు జాడీలు. ఒక్కో జాడీ అడుగున్నర ఎత్తు. నేను గీసిన డ్రాయర్లలో ఎక్కువ లోతున్నది పది అంగుళాలు. పాతికేసి కిలోల బియ్యం సంచిని డ్రాయర్‌లో ఎవరు పెడతారు?

అక్కడే ఇంకో పాఠం. "ఏం కావాలి" అని అడిగితే ఆమె దగ్గర మాట లేదు. "నిన్న పొద్దున లేవంగనే ఏం చేసిండ్రు?" అని అడిగితే గంట సేపు చెప్పింది. "ఈ ఇంట్ల మీకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఏంది?" అంటే క్షణం కూడా ఆలోచించకుండా, "కోతులు" అన్నది. మా దగ్గర కోతుల బెడద తెలిసినవాళ్లకు ఇది నవ్వు తెప్పించదు. కొత్త ఇంటి వెనక అంట్లు తోమే చోటు నేను అందంగా తెరిచి వదిలేశాను. దానికి ఆ వారమే జాలీ చెప్పాను.

మరుసటి వారం కొత్త ఇంటికి ఇద్దరినీ రమ్మని, కిరాణా కొట్టులో ముగ్గు పిండి కొన్నాను. ప్లాను కాగితం చూసి గది కొలత ఊహించుకోవడం అలవాటు లేనివాళ్లకు కష్టం. అందుకే హాలు నేల మీద సోఫా, బల్ల, టీవీ యూనిట్ అన్నీ అసలు కొలతలతో గీశాను. మా కార్పెంటర్‌ది రాజస్థాన్. పని ఆపి, ఇదేదో పూజ అనుకుని దూరంగా నిలబడ్డాడు.

అమ్మ ఆ గీతల మధ్య నడిచింది. బల్ల గీత దగ్గర ఆగింది. "ఇది గిట్లనే ఉంటదా? జరపరాదా?"

"రాతిది అమ్మా, బరువుంటది."

"మరి బతుకమ్మ ఏడ పేర్చుకుంటం?"

ఎంగిలిపూల రోజు నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, పక్కింటి ఆడవాళ్లతో కలిసి గునుగు పూలు కట్టలు కట్టి రంగులద్దడం, తంగేడు పరిచి తాంబాళంలో పేర్చడం, అంతా నేల మీద పనే. సంక్రాంతికి సకినాలు కూడా అంతే. తెల్లటి పాత బట్ట పరిచి, చుట్టూ కూర్చుని పిండిని వేళ్లతో తిప్పుతూ చుట్టాలి. వంటింట్లో నలుగురు కూర్చునే చోటు ఎక్కడుంది? ఫోన్‌లో కొడుకు, "ఏడాదికి కొన్ని రోజుల కోసం హాలు ఖాళీగా ఉంచుతామా?" అన్నాడు. తప్పేం లేదు, నేనైనా అలాగే అనేదాన్ని, ఆమెను రోజూ నేల మీద చూడకపోయి ఉంటే. ఆ మాటే అతనికి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మకు ఏది మంచిదనిపిస్తే అదే చెయ్యండి" అన్నాడు.

అమ్మ నా చేతిలోంచి ముగ్గు తీసుకుంది. బల్లను కాలితో చెరిపేసింది. ఎల్ ఆకారంలో పొట్టి చేయిని కూడా చెరిపి, అక్కడ కొత్తగా మంచమంత గీత గీసింది. "సార్ పగటిపూట ఇక్కడ ఒరుగుతడు." నేను టేపుతో గీసిన గీతల కంటే ఆమె వంగి రెండు వేళ్లతో వదిలిన గీత తిన్నగా ఉంది.

చివరికి హాల్లో గోడకు ఆనుకున్న సోఫా, ఒక దివాన్, దర్వాజ పక్కన సార్ పాత కుర్చీ మిగిలాయి. మధ్యలో నేల ఖాళీ. దాని మీదికి కొత్తవాడలో నేసిన జంపఖానా. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే ఆ ప్రాంతానిదే అన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, అమ్మ తెచ్చింది అందుకు కాదు, మడిచి బీరువా పైన పెట్టుకోవచ్చని. వంటింటి పక్క చిన్న గదిలో డ్రాయర్లు తీసేసి కడప బండలతో అరలు వేయించాం. కింది అర రెండడుగుల ఎత్తు, జాడీలకు. బియ్యం సంచులకు నేల నుంచి ఆరంగుళాలు లేపి ఒక దిమ్మె.

ఇప్పుడు ప్రతి ఇంటికీ టేపుతో పాటు ముగ్గు పిండి ప్యాకెట్ పట్టుకెళ్తాను. డబ్బు సంగతికి కూడా ఒక ఉపాయం దొరికింది. "బడ్జెట్ ఎంత?" అంటే ఎవరూ చెప్పరు. చెక్క మీద అతికించే లామినేట్ షీట్ ముక్కలు మూడు, వెనక రేటు రాసి, బల్ల మీద పెడతాను. ఏ ముక్కను ముందు తిప్పి చూస్తారో గమనిస్తాను. మొగుడూ పెళ్లాం వేరే వేరే ముక్కలు పట్టుకుంటే ఆ రోజు ఇంకేం మాట్లాడకుండా చాయ్ తాగి వచ్చేస్తాను.

మొన్న ఆ అమ్మ ఫోన్ చేసింది. కొడుకు, కోడలు నెల రోజుల సెలవుకు వచ్చి వెళ్లారట. కోడలు ఐదడుగుల ఆరంగుళాలు ఉంటుంది.

"గట్టు కిందికి ఉన్నదని, నడుం నొస్తున్నదని ఒకటే అన్నది బిడ్డా" అని చెబుతూ అమ్మ ఎంతసేపు నవ్విందో.